అరబిక్ మాట్లాడే స్నేహితుడికి ఇంగ్లీషు మాటలు నేర్పాలంటే

వడ్డేశ్వరం, నంబూరు, వడ్లమూడి వైపు యూనివర్సిటీల్లో చదివేవాళ్లలో కొందరికైనా ఈ పరిస్థితి ఎదురయ్యే ఉంటుంది. పక్క రూములో సూడాన్ నుంచో యెమెన్ నుంచో ఇరాక్ నుంచో వచ్చిన కుర్రాడుంటాడు, క్లాసులో చెప్పేది సగమే అర్థమవుతుంటుంది, ఓ రోజు మొహమాటపడుతూ వచ్చి కొంచెం ఇంగ్లీష్ నేర్పమని అడుగుతాడు. మనం వెంటనే ఒప్పేసుకుంటాం, మన బళ్లో మనకి నేర్పినట్టే ఒక పెద్ద లిస్టు రాసిచ్చి, ఎదురుగా అర్థాలు రాసుకుని రేపు అప్పజెప్పమంటాం. రెండు వారాలు తిరిగేసరికి అతనికీ మనకీ కూడా ఓపిక అయిపోతుంది. నేను విజయవాడలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను, నా దగ్గరికి అరబిక్ మాట్లాడేవాళ్లు కూడా వస్తుంటారు. ఇంగ్లీషు మాట మనకి జారే చోటు వేరు, వాళ్లకి జారే చోటు వేరు. ఆ చోటేదో తెలుసుకుని మొదలుపెడితే వాళ్లు చాలా వేగంగా నేర్చుకుంటారు, ఇది నేను కళ్లారా చూస్తున్న విషయం.

ముందు అచ్చుల సంగతి చూడండి, ఎందుకంటే మిగతా కష్టాలన్నీ దీని తర్వాతే.

అరబిక్‌లో 28 అక్షరాలు, అన్నీ హల్లులే. వాటిలో అలిఫ్, వావ్, యా అనే మూడింటిని దీర్ఘాచ్చులకి కూడా వాడతారు. హ్రస్వాచ్చులకి అక్షరం పైనా కిందా పెట్టే చిన్న గుర్తులున్నాయి గానీ, ఖురాన్‌లో, చిన్నపిల్లల పుస్తకాల్లో తప్ప మామూలుగా అవి పెట్టరు. పేపర్లో ఉండవు, షాపు బోర్డు మీద ఉండవు, వాట్సాప్ మెసేజ్‌లో అసలే ఉండవు. చదివేవాడే సందర్భాన్ని బట్టి అచ్చులు నింపుకుంటాడు. ఇదెలా ఉంటుందో తెలియాలంటే గుణింతాలన్నీ తీసేసి కాగితం మీద 'పల' అని రాసి చూడండి. అది పాలు కావచ్చు, పూలు కావచ్చు, పులి కావచ్చు, పేలు కూడా కావచ్చు. కానీ 'టీ పెట్టాలి, పల ఉన్నాయా' అని రాస్తే పాలేనని ఎవరైనా చెబుతారు. అరబిక్ చదివేవాళ్లు చిన్నప్పట్నుంచీ ఇలాగే, చాలా వేగంగా చదువుతారు. అదే కన్నుతో ఇంగ్లీషు పేజీ చూసినప్పుడు చూపు హల్లుల మీద నిలుస్తుంది, మధ్యలో ఉన్న ఎ, ఇ, ఓ, యు జారిపోతాయి. బ్రిటన్‌లో ఆన్ ర్యాన్, పాల్ మియారా అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ఇదే విషయం మీద వ్యాసం రాశారు. ఒక ఇంగ్లీషు మాటని కాసేపు చూపించి, తర్వాత అదే మాటని ఒక అచ్చు తీసేసి చూపిస్తే, ఆ తేడా పట్టుకోవడంలో అరబిక్ మాతృభాషగా ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పొరబడ్డారు. కాబట్టి మీ స్నేహితుడు మాట మాటకీ పొరబడుతుంటే అది అశ్రద్ధ అనుకోవద్దు, చదువు మీద మనసు లేదనుకోవద్దు.

మా వీధిలో జరిగిందే చెబుతాను. ఒక సూడాన్ కుర్రాడికి అతని రూమ్మేట్, ఉతికే బట్టలు వేసుకోడానికి బాస్కెట్ కావాలని చీటీ రాసిచ్చాడు. ఇతను కిరాణా కొట్టుకెళ్లి చీటీ చూసుకుని బిస్కెట్ అడిగాడు. కొట్టాయన ఉప్పు బిస్కెట్టా, తీపి బిస్కెట్టా అని అడిగి రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టాడు. సాయంత్రం ఆ చీటీ నా ముందు పెట్టి చదివించాను. వేలు బి కింద ఆగింది, అక్కణ్నుంచి ఎస్ మీదికి, కె మీదికి, టి మీదికి గెంతింది. మధ్యలో ఉన్న ఏ, ఈ అక్షరాల కింద వేలు ఆగనే లేదు. బాస్కెట్, బిస్కెట్ రెండింట్లోనూ వినిపించే హల్లుల వరస ఒకటే, అతను చదివింది ఆ వరసనే. మీరు కూడా మొదటిరోజు ఇలా వేలు పెట్టి చదివించండి, ఏ అక్షరాలు జారుతున్నాయో అక్కడే కనబడుతుంది.

దీనికి మందు ఎర్ర పెన్ను. కొత్త మాట రాసిన ప్రతిసారీ హల్లులు నీలంతో, అచ్చులు ఎర్రగా రాయించండి. మీరు రాసివ్వొద్దు, అతని చేత్తోనే రాయాలి, పెన్ను మార్చడానికి ఆగిన ఆ క్షణంలోనే అచ్చు కంట్లో పడుతుంది. మర్నాడు అదే మాటని అచ్చుల చోట ఖాళీలు వదిలి రాసిచ్చి నింపమనండి. మనం మామూలుగా పిల్లలకిచ్చే ఖాళీలకి ఇది కొంచెం తేడా, ఇక్కడ ఖాళీ ఎప్పుడూ అచ్చు దగ్గరే ఉండాలి. రెండు నెలలు ఈ ఎర్ర పెన్ను వదలొద్దు, అతను 'వచ్చేసింది, ఇక అక్కర్లేదు' అన్నా సరే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సంగతి తెలియగానే మనకి ఉత్సాహం వచ్చి ఒకేలా కనిపించే మాటలన్నీ పక్కపక్కన పెట్టి నేర్పాలనిపిస్తుంది. దరఖాస్తు ఫారం, పొలం అనే అర్థమున్న ఫామ్, కంపెనీ అనే అర్థమున్న ఫర్మ్, 'నుంచి' అనే ఫ్రమ్, నాలుగింట్లోనూ హల్లులు ఎఫ్, ఆర్, ఎం మాత్రమే. ఈ నాలుగూ ఒకే రోజు నేర్పితే నాలుగూ కలగాపులగం అవుతాయి. ముందు అతనికి రోజూ పనికొచ్చేదాన్ని, అంటే ఫ్రమ్‌ని, బాగా స్థిరపడనివ్వండి. వారం పోయాక ఫారం. ఇంకో వారానికి మిగతావి. అన్నీ విడివిడిగా వచ్చాకే పక్కపక్కన పెట్టి తేడా అడగాలి. లెఫ్ట్, రైట్ లాంటి జంటలకీ ఇదే వర్తిస్తుంది, ఒకటి నిలిచాకే రెండోది. రంగుల లిస్టు, పళ్ల లిస్టు అని ఒకే గుంపు మాటలు కట్టగట్టి ఇవ్వడం మన టెక్స్ట్ పుస్తకాల అలవాటు, అది ఎవరికైనా అంత మంచిది కాదు, వీళ్లకైతే మరీ.

తర్వాత శబ్దాలు. పుస్తకాల అరబిక్‌లో ఉన్న అచ్చులు ఆరే: అ, ఇ, ఉ, వాటి దీర్ఘాలు. మనకున్న హ్రస్వ ఎ, హ్రస్వ ఒ వాళ్ల పుస్తకాల భాషలో లేవు. పైగా 'ప' లేదు. ఇప్పుడు పెన్, పిన్, చెత్తబుట్ట అనే అర్థంలో బిన్, ఈ మూడూ కొత్తగా నేర్చుకునేవాడి చెవికి ఎంత దగ్గరగా వినిపిస్తాయో ఊహించండి. నెహ్రూ బస్ స్టేషన్ దగ్గర బండి ఎక్కడ పెట్టాలని అడగబోయి పార్కింగ్ బదులు బార్కింగ్ అంటాడు, మందుల షాపులో పిల్ అనబోయి బిల్ అంటాడు. ప, బ తేడా చూపించడానికి పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని మాట్లాడించడం పాత పద్ధతి, బాగానే పనిచేస్తుంది. అయితే నేర్పే మన దగ్గరే ఒక చిక్కుంది. మన తెలుగు 'ప'లో గాలి పెద్దగా రాదు, ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో పలికే 'పి'లో గాలి బలంగా వస్తుంది. మనం తెలుగు ఒరవడిలో పెన్ అంటే కాగితం కదలదు, వాళ్ల చెవికి అది బెన్‌లాగే వినిపించే అవకాశం ఉంది. అందుకని ముందు మీరు కాగితం పట్టుకుని, అది ఎగిరేలా అనడం ప్రాక్టీస్ చేయండి, ఆ తర్వాతే అతని చేత అనిపించండి.

వ, ఫ విషయంలో కూడా జాగ్రత్త. 'వి' శబ్దం వాళ్లకి లేదు, వ్యాన్‌ని ఫ్యాన్ అంటారు. కానీ డబ్ల్యూ శబ్దం వాళ్లకి చాలా శుభ్రంగా వస్తుంది, మనకే వి, డబ్ల్యూ రెండూ ఒకేలా పలుకుతాయి. థింక్, దిస్ లాంటి మాటల మొదట్లో ఉండే శబ్దాలు కూడా ఇరాక్, గల్ఫ్ వాళ్లకి సొంత భాషలోనే ఉన్నాయి. ఈజిప్టు, సూడాన్ వాళ్ల వాడుకలో అవి స, జ, త, ద వైపు మారిపోతాయి. అంచేత ఉచ్చారణ దగ్గర మన నోరే ప్రమాణం అనుకోకుండా, ప్రతి కొత్త మాటకీ ఫోన్లో డిక్షనరీ ఆడియో ఒకసారి వినిపించండి. స్ప్రింగ్, స్ట్రీట్ లాంటి వాటిలో హల్లులు వరసగా వస్తే మధ్యలోనో ముందో ఒక ఇ చేరుస్తారు. మన పెద్దవాళ్లు స్కూలుని ఇస్కూలు అంటారు కదా, అలాంటిదే, దాని గురించి అంత పట్టుబట్టక్కర్లేదు.

ఇక్కడిదాకా కష్టాలు. ఇప్పుడు వాళ్లకున్న బలం.

అరబిక్ మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. క-త-బ అనే మూడు హల్లుల్లో రాయడం అనే అర్థం ఉంది. కతబ అంటే రాశాడు, కాతిబ్ అంటే రాసేవాడు, కితాబ్ అంటే పుస్తకం, మక్తబ్ అంటే ఆఫీసు లేదా రాసుకునే బల్ల, మక్తబా అంటే లైబ్రరీ. అదే వరసని ఇంగ్లీషులో పెట్టండి: రైట్, రైటర్, బుక్, ఆఫీస్, లైబ్రరీ. మొదటి రెండూ తప్ప ఒకదానికొకటి చుట్టరికమే లేదు. ఒక ధాతువు పట్టుకుంటే పది మాటలు వచ్చే భాషలోంచి వచ్చినవాడికి ఇంగ్లీషులో ప్రతిదీ విడిగా బట్టీపట్టాల్సిందేనా అనిపిస్తుంది, నీరసం వస్తుంది. అందుకే మొదటి నెలలోనే ఇంగ్లీషు మాటల్లో కూడా కుటుంబాలున్నాయని చూపించాలి. యాక్ట్, యాక్టర్, యాక్షన్, యాక్టివ్, రియాక్ట్. ఒక కార్డు మీద ఒక కుటుంబం, మొదట్లో ముగ్గురు సభ్యులకి మించొద్దు. చివర 'ఈఆర్' చేరిస్తే పని చేసేవాడు అని చెప్పగానే వాళ్లకి చటుక్కున అందుతుంది, ఎందుకంటే మాట ఆకారాన్ని బట్టి అర్థం పట్టడం వాళ్లకి ఉగ్గుపాలతో వచ్చింది. మొదట 'మ' చేరితే స్థలం అనే అర్థం వాళ్ల భాషలో మామూలు: మక్తబ్, మద్రసా, వంటిల్లు అనే అర్థంలో మత్బఖ్, మనం మసీదు అనే మస్జిద్ కూడా అంతే. అన్, రీ, మిస్ లాంటి ముందు చేరే ముక్కలు, ఫుల్, లెస్, నెస్ లాంటి వెనక చేరే ముక్కలు వారానికి ఒకటి చొప్పున చెప్పండి. ఇంగ్లీషులో ముక్కలు ముందో వెనకో అతుకుతాయి, అరబిక్‌లో లోపలి అచ్చులు కూడా మారతాయి, ఆ తేడా ఒకసారి చెబితే చాలు. ఫుట్ ఫీట్ అవ్వడం, మ్యాన్ మెన్ అవ్వడం మన పిల్లలకి వింతగా ఉంటుంది గానీ వీళ్లకి ఉండదు, వాళ్ల కితాబ్ బహువచనంలో కుతుబ్ అవుతుంది.

మొదటిరోజు ధైర్యం ఇవ్వడానికి, అరబిక్ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలతో మొదలుపెట్టండి. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కి తీసుకెళితే ఇంకా మంచిది. లెమన్ వాళ్ల లైమూన్. షుగర్ వాళ్ల సుక్కర్, మూలం సంస్కృత శర్కర, మన చక్కెర కూడా ఆ ఇంటిదే. ఆరెంజ్ వాళ్ల నారంజ్ మీదుగా వెళ్లింది, మన నారింజ పక్కన పెట్టి చూడండి. కాఫీ వాళ్ల ఖహ్వా. గుంటూరులో ఉంటే పత్తి చూపించండి, కాటన్ వాళ్ల ఖుత్న్. సోఫా, జీరో, ఆల్జీబ్రా, ఆల్కలీ అన్నీ అక్కణ్నుంచి వచ్చినవే. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరే అల్గారిథమ్ అయింది, కంప్యూటర్ సైన్స్ చదివే కుర్రాడికి ఇది చెప్పినప్పుడు ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. కొన్నిటికి మాత్రం దారిలో అర్థం మారింది. మ్యాగజైన్ మఖాజిన్ నుంచి వచ్చింది, అక్కడ దానర్థం గిడ్డంగులు. ఆల్కహాల్‌కి మూలమైన అల్ కుహ్ల్ అంటే కాటుక పొడి. అవి చెప్పేటప్పుడు ఇంగ్లీషు అర్థం విడిగా రాయించండి.

మీకూ అతనికీ మధ్య ఇంకో దారి కూడా ఉంది. ఉర్దూ, పారశీకాల మీదుగా తెలుగులోకి వచ్చిన అరబిక్ మాటలు మనం రోజూ వాడుతూనే ఉంటాం: జవాబు, హాజరు, కుర్చీ, తారీఖు, ఖాళీ, రద్దు, వకీలు. ఆన్సర్ అంటే జవాబు అని మీరు అంటే అతనికి అర్థమైపోతుంది, డిక్షనరీ తియ్యక్కర్లేదు. సవాలు మాత్రం మనకి ఛాలెంజ్, వాళ్లకి ప్రశ్న.

అర్థాలు రాసుకునే దగ్గర చాలామంది గమనించనిది ఒకటుంది. యాప్‌లో, డిక్షనరీలో ఉండేది పుస్తకాల అరబిక్, ఇంట్లో మాట్లాడేది వేరు. 'కావాలి' అనడానికి పుస్తకాల్లో ఉరీద్, ఈజిప్టులో ఆయిజ్, సూడాన్‌లో దాయిర్. కార్డు వెనక వాళ్లమ్మతో మాట్లాడేటప్పుడు వాడే మాట రాసుకోమనండి, అది మనసుకి త్వరగా పడుతుంది. ఉచ్చారణ మాత్రం అరబిక్ అక్షరాల్లో రాసుకోనివ్వొద్దు, ప వచ్చి బ అయిపోతుంది, హ్రస్వాచ్చులు ఎగిరిపోతాయి, మళ్లీ మొదటికొస్తాం. ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి, అరబిక్ కుడి నుంచి ఎడమకి కాబట్టి ఒకే లైన్లో రెండూ పెడితే ఫోన్లో వరస తారుమారవుతుంది, వేర్వేరు లైన్లలో గానీ కార్డుకి చెరో వైపు గానీ రాయాలి.

కార్డులకి డబ్బులు పెట్టక్కర్లేదు, పాత శుభలేఖలు కత్తిరిస్తే వెనక తెల్లగా, గట్టిగా ఉంటాయి. మూడు స్వీటు డబ్బాలు తీసుకోండి. మొదటి డబ్బాలోవి రోజూ, రెండోదానివి మూడు రోజులకోసారి, మూడోదానివి వారానికోసారి. వచ్చిన కార్డు తర్వాతి డబ్బాలోకి, రానిది ఏ డబ్బాలో ఉన్నా సరే మొదటి డబ్బాలోకి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ఇలాంటి పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు, ఫోన్లో ఆంకీ లాంటి యాప్‌లూ ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఎర్ర పెన్ను అవసరం కాబట్టి మొదట్లో కాగితమే మేలు. రోజుకి ఏడెనిమిది మాటలు చాలు. ఇంగ్లీషు చూసి అర్థం చెప్పడంతో ఆగకండి, అరబిక్ వైపు చూసి ఇంగ్లీషు మాట పైకి అని, రాయాలి. ఉపవాసాలుండేవాళ్లయితే రంజాన్ నెలలో కొత్త మాటలు ఆపి పాతవే తిప్పించండి, ఇఫ్తార్ అయ్యాక ఓ అరగంట కూర్చుంటే సరిపోతుంది.

మాటని ఒంటరిగా కాకుండా దాని జతతో నేర్పాలి. మనం సిగరెట్ తాగుతాం, అరబిక్ వాడుకలోనూ చాలాచోట్ల తాగుతారు, ఇంగ్లీషులో మాత్రం డ్రింక్ కాదు, స్మోక్. లైటు వాళ్లు 'తెరుస్తారు', మనం 'వేస్తాం', ఇంగ్లీషుకి ఆ రెండూ పనికిరావు, టర్న్ ఆన్ అనాలి. కార్డు మీద టర్న్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే లాభం లేదు, టర్న్ ఆన్ ద లైట్ అని మొత్తం రాయాలి. వాక్యాలు అతని రోజులోంచే తీసుకోండి: రూము అద్దె, అడ్వాన్సు, ఫీజు, హాజరు, కూర తక్కువ కారంగా చెయ్యమని మెస్‌లో చెప్పడం.

ఏ మాటలు ముందు అంటే, ఎక్కువగా వాడే రెండు వేలు. ఒకప్పుడు ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ 1953లో ఇలాంటి రెండు వేల మాటల జాబితా ప్రచురించాడు. మామూలు ఇంగ్లీషు పేజీలో సుమారు 80 శాతం ఆ కుటుంబాలవే. అవి రాకుండా పెద్దపెద్ద మాటల జోలికి వెళ్లొద్దు, పోటీపరీక్షల పుస్తకాల్లో ఉండే అరుదైన మాటలైతే అసలే వద్దు.

వారానికోసారి రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి డిక్టేషన్, మీరు పది వాక్యాలు చదవాలి, అతను రాయాలి, దిద్దేటప్పుడు అచ్చులు మాత్రమే చూడండి, మిగతాది ఆ రోజుకి వదిలేయండి. రెండోది ఫోన్లో వాయిస్ టైపింగ్ ఇంగ్లీషులో పెట్టి ఒక్కో మాట చెప్పించడం: పార్క్, బార్క్, ప్యాక్, బ్యాక్, వ్యాన్, ఫ్యాన్. వాక్యం చెబితే ఫోన్ సందర్భాన్ని బట్టి సర్దేసుకుంటుంది, అందుకే ఒంటి మాటలే చెప్పించాలి. తెర మీద ఏం పడిందో అతనే చూసుకుంటాడు, మీరు తప్పు పట్టాల్సిన ఇబ్బంది ఉండదు, నలుగురిలో సరిదిద్దితే చిన్నబుచ్చుకునేవాళ్లకి ఇది మరీ మంచిది.

రెండు వేలు దగ్గరపడ్డాక యూనివర్సిటీ చదువులకి పనికొచ్చే మాటలు మొదలుపెట్టొచ్చు. వాటికి ఏవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో తయారుచేసిన 570 కుటుంబాల జాబితా ఉంది, ఎనలైజ్, డేటా, మెథడ్ లాంటివి అందులో ఉంటాయి. జాబితాని పైనుంచి కిందికి చదివించకుండా, అతని సబ్జెక్టు పుస్తకంలో ఈ వారం క్లాసులో జరిగే పాఠం తీసి, అందులో కనిపించిన వాటికి మాత్రమే కార్డులు రాయించండి. ఆ వారం లెక్చర్‌లో అవే మాటలు అతని చెవిన పడతాయి.